ఏమీ అడగని జపం: విశ్వాస సంగ్రహం వెనకున్న కథ

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ ఎలా ఉంటుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1924లో ఇటలీ నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్ అర్లాటి ఆ కొండ మీద మరియమాత స్వరూపం పెట్టించిన దగ్గర్నుంచి మొదలైన రాకపోకలు ఇప్పుడు ఎంత పెరిగాయంటే, ఆ మూడు రోజులూ బస్సులూ రైళ్ళూ కిక్కిరిసిపోతాయి, కతోలికులే కాదు హిందువులూ వస్తారు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు ఇస్తారు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు కొడతారు, మోకాళ్ళ మీద మెట్లెక్కేవాళ్ళు ఎక్కుతారు. అందరూ ఏదో ఒకటి అడగడానికే వస్తారు. పిల్లలు పుట్టాలని, ఆపరేషన్ బాగా జరగాలని, కూతురి సంబంధం కుదరాలని, వీసా రావాలని.

అడగడంలో తప్పేమీ లేదు, మొక్కు అంటేనే అడగడం. కానీ అదే కొండ మీద ఓ మూల కూర్చుని జపమాల మొదలుపెట్టే ఒక పెద్దావిడ చేతిని గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఆమె పూసల జోలికి ఇంకా పోలేదు. మాల చివర వేలాడే చిన్న సిలువను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పెదాలు కదుపుతూ ఒక జపం చెబుతోంది. అదే విశ్వాస సంగ్రహం, క్రైస్తవులు నమ్మేదేమిటో కొన్ని వాక్యాల్లో చెప్పే జపం. అది పూర్తయ్యాకే పరలోక జపం, మంగళవార్త జపం, పూసలు. కోరికలన్నీ ఆ తరవాతే. ముందుగా చెప్పే ఈ జపంలో మాత్రం కోరిక అన్నదే లేదు.

ఒకసారి మనసులో మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుని చూడండి. పరలోక జపంలో అనుదిన ఆహారం అడుగుతాం, పాపాల మన్నింపు అడుగుతాం, కీడు నుంచి రక్షించమంటాం. మంగళవార్త జపం చివర మరియమ్మను మా కోసం ప్రార్థించమంటాం. విశ్వాస సంగ్రహంలో 'ఇవ్వు', 'కాపాడు', 'దయచేయి' అనే మాట ఒక్కటీ రాదు. అంతకంటే విచిత్రం, అసలు దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉండదు. తండ్రి గురించి, కుమారుడి గురించి, పవిత్రాత్మ గురించి చెబుతాం, వాళ్ళతో చెప్పం. కతోలికులకు విశ్వాసం గురించి ఇంకో చిన్న జపం ఉంది, అందులో నేరుగా దేవుణ్ణి పిలిచి, మోసపోనివాడివీ మోసగించనివాడివీ నువ్వే బయలుపరిచావు కాబట్టి శ్రీసభ (చర్చి) బోధించే సత్యాలన్నీ నమ్ముతున్నానని ఆయనతోనే చెబుతాం. ఇందులో ఆ పిలుపు కూడా లేదు. మరి ఎవరికి చెబుతున్నట్టు?

ఎవరో అడిగారు కాబట్టి, వాళ్ళకి చెబుతున్నట్టు. ఈ జపం పుట్టుకే ఒక ప్రశ్నకు జవాబుగా.

మూడో శతాబ్దం తొలినాళ్ళదని సంప్రదాయంగా చెప్పే ఒక పురాతన గ్రంథం ఉంది, రోమ్‌కు చెందిన హిప్పోలితు పేరు మీద చలామణీలో ఉన్నది. అందులో జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఎలా ఇచ్చేవారో రాసి ఉంది. స్నానం పొందే మనిషి నీళ్ళలో నిలబడతాడు. పక్కన గురువు, అంటే ఫాదర్, అతని మీద చెయ్యి పెట్టి, సర్వశక్తిగల తండ్రి అయిన దేవుణ్ణి విశ్వసిస్తున్నావా అని అడుగుతాడు. విశ్వసిస్తున్నాను అంటాడు, ఒక మునక. కన్యక నుంచి పుట్టి, పోంతు పిలాతు కాలంలో సిలువ వేయబడి, చనిపోయి, మూడో నాడు లేచిన యేసుక్రీస్తును విశ్వసిస్తున్నావా? విశ్వసిస్తున్నాను, రెండో మునక. పవిత్రాత్మను, పవిత్ర శ్రీసభను, శరీర పునరుత్థానాన్ని విశ్వసిస్తున్నావా? విశ్వసిస్తున్నాను, మూడో మునక. అంతే. ఈ మూడు ప్రశ్నలూ మూడు జవాబులూ కలిసిపోయి, ప్రశ్నలు రాలిపోయి, జవాబు మాత్రం మిగిలితే అదే మనం చెప్పుకునే సంగ్రహం. అందుకే దీనిలో మూడు భాగాలున్నాయి, తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ. అందుకే 'నేను' అని ఒక్కడి మాటగా మొదలవుతుంది, నీళ్ళలో నిలబడేది ఒక్కడే కాబట్టి.

ఈ సంగతి తెలిసిన తరవాత, ఈ జపం పొడిగా ఉంటుందని, భక్తి రసం లేదని, ఏదో నియమావళి చదువుతున్నట్టుంటుందని చాలామంది అనుకునే మాట నిలవదు. బోనులో నిలబడిన సాక్షి వాంగ్మూలంలో అలంకారాలు ఉండవు, జరిగిందేమిటో చెబుతాడు, దానికి తన పేరు పెడతాడు. ఇదీ అలాంటిదే. ఆ రోజుల్లో ఆ జవాబు ఇచ్చినవాడు తన ఉద్యోగాన్నీ ఇంటినీ ఒక్కోసారి ప్రాణాన్నీ పణంగా పెట్టేవాడు. 250లో డేషియస్ చక్రవర్తి, 303లో డయొక్లీషియన్ మొదలుపెట్టిన హింసలు అందుకు సాక్ష్యం.

నాలుగో శతాబ్దం నడిమికి వచ్చేసరికి హింసలు ఆగాయి, చేరేవాళ్ళు ఎక్కువయ్యారు, దానితో పాటు తయారీ కూడా పెద్దదైంది. పాస్కా (ఈస్టర్) పండుగ రాత్రి జ్ఞానస్నానం పొందబోయేవాళ్ళకు అంతకు ముందున్న తపస్సుకాలంలో (లెంట్‌లో) ఈ సంగ్రహాన్ని అప్పగించేవారు. అప్పగించడం అంటే పుస్తకం చేతిలో పెట్టడం కాదు, నోటితో చెప్పడం, వాళ్ళు విని కంఠతా పట్టడం, కొన్ని రోజుల తరవాత తిరిగి అప్పజెప్పడం. రాసుకోవడం నిషేధం. 350 ప్రాంతంలో యెరూషలేములో ఉపదేశాలు ఇచ్చిన పునీత (సెయింట్) సిరిల్ తన శ్రోతలకు కాగితం మీద పెట్టొద్దు, హృదయంలో చెక్కుకోండి అని గట్టిగా చెప్పాడు. ఆఫ్రికాలో పీఠాధిపతి (బిషప్) అగస్టీను కూడా అదే మాట చెప్పి, పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు దీన్ని మననం చేసుకోమన్నాడు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి అందాల్సిన విషయం అది, బజారులో దొరికే సరుకు కాకూడదని వాళ్ళ పట్టుదల.

అగస్టీను తన ఆత్మకథలో చెప్పిన విక్టరీనస్ ఉదంతం ఈ జపం బరువు ఎంతో చూపిస్తుంది. విక్టరీనస్ రోమ్‌లో పేరు మోసిన పండితుడు, వాక్చాతుర్యం నేర్పే గురువు, సెనేటర్ల పిల్లలు అతని శిష్యులు, ఊళ్ళో అతనికి విగ్రహం కూడా పెట్టారు. ముసలితనంలో లేఖనాలు చదివి లోలోపల క్రైస్తవుడయ్యాడు. నేను క్రైస్తవుణ్ణే అని స్నేహితుడైన సింప్లీషియనుతో చాటుగా అంటే, నిన్ను గుడిలో చూసినప్పుడు నమ్ముతాను అని అతను జవాబిచ్చేవాడు. అయితే గోడలు మనిషిని క్రైస్తవుణ్ణి చేస్తాయా అని విక్టరీనస్ ఎదురు ప్రశ్న వేసేవాడు. ఇలా చాలాకాలం నడిచింది. చివరికి ఒకరోజు పద గుడికి, క్రైస్తవుణ్ణి అవుతాను అన్నాడు. రోమ్‌లో అప్పుడు పద్ధతేమిటంటే, స్నానానికి ముందు ఎత్తైన వేదికెక్కి, అందరూ చూస్తుండగా కంఠతా పట్టిన విశ్వాస సంగ్రహాన్ని చెప్పాలి. సిగ్గు, బెరుకు ఉన్నవాళ్ళకు చాటుగా చెప్పే వీలుండేది, ఆయనకూ గురువులు ఆ సౌకర్యం ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నేను అలంకారశాస్త్రం పాఠాలు అందరి ముందూ చెప్పాను, వాటిలో రక్షణ లేదు, రక్షణ ఉన్నదాన్ని దాచుకుని చెప్పాలా అన్నట్టు మాట్లాడి వేదిక ఎక్కాడు. జనంలో ఒకరి నుంచి ఒకరికి అతని పేరు గుసగుసగా పాకిందట, తరవాత వినడానికి అందరూ ఒక్కసారి మౌనమయ్యారట. అంత పెద్ద పండితుడు చిన్నపిల్లాడిలా నాలుగు వాక్యాలు అప్పజెప్పాడు. ఇది విన్నాకే తనకూ అలా చెయ్యాలన్న కోరిక రగిలిందని అగస్టీనే రాసుకున్నాడు.

ఇక్కడ ఒక పాత కథ గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే మన సత్యోపదేశం తరగతుల్లో పెద్దవాళ్ళు చాలామంది అదే విని పెరిగారు. యేసు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలులు యెరూషలేము నుంచి తలో దేశానికి బయల్దేరే ముందు కూర్చుని, బోధలో తేడాలు రాకుండా ఈ సంగ్రహాన్ని కూర్చారని ఆ కథ. 404 ప్రాంతంలో అక్విలేయాకు చెందిన రుఫీనస్ దీన్ని పెద్దల నుంచి వచ్చిన మాటగా రాశాడు. తరవాతి కాలం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఏ అపొస్తలుడు ఏ వాక్యం చెప్పాడో కూడా పంచేశారు, పేతురు మొదటిది, తోమా పునరుత్థానం గురించి, ఇలా. పన్నెండు భాగాలుగా లెక్కపెట్టే అలవాటుకు ఈ కథ ఊతమిచ్చింది. చరిత్ర అలా లేదు. 1438లో మొదలైన ఫెరారా-ఫ్లోరెన్స్ మహాసభలో లాటిన్ వాళ్ళు, అంటే రోమ్ పక్షం వాళ్ళు, ఈ సంగ్రహాన్ని ప్రస్తావిస్తే, ఎఫెసు పీఠాధిపతి మార్కు మాకు ఇలాంటిది ఒకటుందనే తెలియదు అన్నాడు, తూర్పు శ్రీసభకు (ఆర్థడాక్స్ చర్చికి) అది నిజంగానే కొత్త. ఆ శతాబ్దంలోనే లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు అపొస్తలులు దీన్ని కూర్చారన్న మాటను ప్రశ్నించి చిక్కుల్లో పడ్డాడు.

చేతికి దొరికే ఆధారాలు ఇవీ: 340 ప్రాంతంలో అంకీరా పీఠాధిపతి మార్సెల్లస్ తన విశ్వాసం సరైనదేనని నిరూపించుకోవడానికి రోమ్‌లోని పోప్ జూలియస్‌కు రాసిన ఉత్తరంలో దాదాపు ఇదే పాఠం, కాస్త చిన్నదిగా, గ్రీకులో ఉంది. 390లో మిలాన్ నుంచి పోప్ సిరీషియస్‌కు వెళ్ళిన ఒక లేఖలో మొదటిసారి దీన్ని అపొస్తలుల పేరుతో పిలిచారు. ఇవాళ మనం చెప్పే పూర్తి రూపం ఎనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో పిర్మిన్ అనే మఠాధిపతి రాసిన పుస్తకంలో కనిపిస్తుంది, తరవాత షార్లమేన్ రాజ్యమంతటా అదే పాఠం స్థిరపడింది. అంటే ఒక చోట కూర్చుని ఒక్కసారిగా రాసింది కాదు, రోమ్‌లో మొలిచి, ఫ్రాన్సు వైపు పెరిగి, మళ్ళీ రోమ్‌కు తిరిగొచ్చింది. పన్నెండుమంది కథ పోతే ఈ జపం విలువ తగ్గుతుందని కొందరు బాధపడతారు. తగ్గదు. ఆరు వందల ఏళ్ళ పాటు వేలమంది పేరు తెలియని మనుషులు నీళ్ళలో నిలబడి చెప్పిన జవాబుల్లోంచి పోగైన మాటలు ఇవి, ఏ ఒక్క రచయితా రాసినదాని కంటే ఇది గట్టిది. పైగా ఇందులో ఉన్న సారం అపొస్తలుల బోధే అన్న అర్థంలో ఆ పేరు ఇప్పటికీ సరిపోతుంది.

అసలు విషయం ఏమిటంటే, ఇందులో ఊరికే వచ్చిన వాక్యం లేదు. ప్రతి మాట వెనకా ఒక తగాదా ఉంది. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే ఓడల వ్యాపారి రోమ్‌కు వచ్చి, ఈ లోకాన్ని చేసిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు, చేసినవాడు కఠినుడు, తండ్రి దయగలవాడు అని బోధించాడు. 144 ప్రాంతంలో రోమ్ సంఘం అతన్ని బయటకు పంపింది, అతనిచ్చిన పెద్ద విరాళం కూడా తిరిగిచ్చేసింది. అతని బోధకు అనుచరులు మాత్రం చాలా ఏళ్ళు ఉన్నారు. ఈ తగాదాను మనసులో పెట్టుకుని మొదటి వాక్యం చదివితే అది వేరేగా వినిపిస్తుంది. భూమినీ ఆకాశాన్నీ చేసిన ఆయనే తండ్రి. మట్టి, శరీరం, తిండి, పిల్లలు, ఇవేవీ పొరపాటున పుట్టినవి కావు.

ఇంకో వాదం దీనికి చుట్టమే. యేసు దైవం కాబట్టి ఆయనకు నిజమైన శరీరం ఉండదు, బాధపడినట్టు కనిపించాడంతే అని కొందరు అనేవాళ్ళు. రెండో శతాబ్దం మొదట్లో అంతియోకియ పీఠాధిపతి ఇగ్నేషియస్‌ను సంకెళ్ళు వేసి సింహాలకు వెయ్యడానికి రోమ్‌కు తీసుకెళ్తున్నారు. దారిలో త్రల్లెస్ ఊరి వాళ్ళకు ఉత్తరం రాస్తూ ఆయన ఒకే పదాన్ని పదేపదే వాడతాడు, నిజంగా. నిజంగా పుట్టాడు, తిన్నాడు, తాగాడు, పోంతు పిలాతు కాలంలో నిజంగా హింస పడ్డాడు, నిజంగా సిలువ వేయబడి చనిపోయాడు. ఆయన బాధ ఉత్త నటన అయితే నేను ఈ సంకెళ్ళలో ఎందుకున్నాను అని అడుగుతాడు. సంగ్రహంలో యేసు గురించి పుట్టెను, పాటుపడెను, మరణించెను, సమాధి చేయబడెను అని ఒకదాని మీద ఒకటి ఎందుకు పేర్చారో ఆ ఖైదీ ఉత్తరం చూస్తే అర్థమవుతుంది. చనిపోయాడు అన్నాక మళ్ళీ సమాధి సంగతి ఎందుకు అని పిల్లలు అడుగుతుంటారు. సందేహానికి చోటు మిగలకూడదనే.

పిలాతు పేరు కూడా అంతే. మొత్తం జపంలో యేసు, మరియ కాకుండా ఇంకొక్క మనిషి పేరే ఉంది, అదీ శిక్ష వేసిన అధికారి పేరు. పేతురు లేడు, పౌలు లేడు, పిలాతు ఉన్నాడు! ఇది అనగనగా ఒక రాజు కథ కాదు, ఫలానా గవర్నరు ఫలానా జిల్లాలో ఉన్నప్పుడు జరిగింది అని తేదీ వేయడానికి. పిలాతు 26 నుంచి 36 దాకా యూదయను పాలించాడు. 1961లో కైసరియ పట్టణం తవ్వకాల్లో అతని పేరూ హోదా చెక్కిన రాయి బయటపడింది, చాలా అక్షరాలు అరిగిపోయాయి గాని పేరు చదవగలిగేలా ఉంది. ప్రతి ఆదివారం గుంటూరులో, బెజవాడలో, ఫిరంగిపురంలో ఆ రోమన్ అధికారి పేరు జనం నోట పలుకుతోంది అంటే అది అతని గొప్ప కాదు, ఆ జపం చరిత్రను ఎంత గట్టిగా పట్టుకుని ఉందో అన్నదానికి గుర్తు.

పాతాళానికి దిగెను అన్న మాట ఆలస్యంగా చేరింది. రుఫీనస్ కాలానికి అది తన ఊరి పాఠంలో ఉందని, రోమ్ పాఠంలో లేదని ఆయనే చెప్పాడు. చాలామంది దీన్ని యేసు నరకయాతన పడ్డాడని పొరబడతారు. శ్రీసభ చెప్పేది అది కాదు. ఆయన రాకముందు చనిపోయిన నీతిమంతులు ఎదురుచూస్తున్న చోటికి, మృతుల లోకానికి వెళ్ళి వాళ్ళను విడిపించాడన్నది అర్థం. తూర్పు శ్రీసభ చిత్రాల్లో యేసు ఆదామును, అవ్వను మణికట్టు పట్టుకుని సమాధుల్లోంచి పైకి లాగుతూ కనిపిస్తాడు, ఈ వాక్యానికి అంతకంటే మంచి వ్యాఖ్యానం లేదు. పునీతుల సంబంధం అన్న మాట కూడా అలా తరవాత వచ్చిందే, నాలుగో శతాబ్దం చివర్లో ఆ మాట కనిపించడం మొదలైంది. నవంబరు 2న సమాధుల తోటలో పూలూ కొవ్వొత్తులూ పెట్టి తాతముత్తాతల కోసం జపాలు చెప్పే ప్రతి కుటుంబమూ ఈ వాక్యం మీదే నిలబడి ఉంది, చనిపోయినవాళ్ళూ మనమూ ఒకే కుటుంబమన్న నమ్మకం లేకపోతే ఆ కొవ్వొత్తికి అర్థమే లేదు.

ఆదివారం పూజలో చెప్పే పెద్ద ప్రమాణం, అంటే నీసియా విశ్వాస ప్రమాణం, వేరు, దాని పుట్టుక వేరు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే గురువు, కుమారుడు లేని కాలం ఒకటుంది, ఆయన గొప్పవాడే గాని సృష్టిలోవాడే అన్నాడు. ఆ గొడవ చక్రవర్తి కాన్‌స్టంటైన్ దాకా పోయి 325లో నీసియాలో మహాసభ జరిగింది. సంప్రదాయం 318 మంది పీఠాధిపతులు అంటుంది. కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడు, జనితుడు గాని సృష్టింపబడినవాడు కాదు అని ప్రకటించారు. అందుకే దేవుని నుండి దేవుడు, వెలుగు నుండి వెలుగు అని ఆ ప్రమాణం ఒకే విషయాన్ని మళ్ళీ మళ్ళీ చెబుతుంది. సభ అయిపోగానే గొడవ అయిపోలేదు. యాభై ఏళ్ళకు పైగా నడిచింది, నీసియా పక్షాన నిలబడ్డ అథనాసియస్ ఐదుసార్లు తన పీఠం వదిలి పోవాల్సి వచ్చింది, సభ పిలిచిన కాన్‌స్టంటైనే 337లో మరణశయ్య మీద అరియస్ పక్షం వైపు మొగ్గిన పీఠాధిపతి చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో పవిత్రాత్మ గురించిన భాగం విస్తరించింది, ఇప్పుడు మనం చెప్పేది ఆ రూపమే. నీసియాకు 1700 ఏళ్ళు నిండిన సందర్భంగా 2025 నవంబరులో పోప్ 14వ లియో తుర్కియేలోని ఆ ఊరికి, ఇప్పటి ఇజ్నిక్‌కు, వెళ్ళి ఇతర క్రైస్తవ శాఖల పెద్దలతో కలిసి ప్రార్థించారు.

ఆ ప్రమాణంలోనే ఒక్క చేర్పు తూర్పు పడమరలను విడగొట్టింది. పవిత్రాత్మ తండ్రి నుండి బయలుదేరుతున్నాడు అని ఉన్నచోట, కుమారుని నుండి కూడా అని పడమటి వాళ్ళు చేర్చారు. తొమ్మిదో శతాబ్దం మొదట్లో పోప్ 3వ లియో ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటూనే పాఠం మార్చడానికి ఒప్పుకోలేదు, పాత పాఠాన్నే లాటిన్‌లోనూ గ్రీకులోనూ వెండి పలకల మీద చెక్కించి పునీత పేతురు దేవాలయంలో పెట్టించాడు. అయినా 1014లో చక్రవర్తి 2వ హెన్రీ కోరిక మీద రోమ్ పూజలో ప్రమాణం చెప్పడం మొదలైనప్పుడు చేర్పుతో సహా వచ్చింది. నలభై ఏళ్ళకు, 1054లో, విభజన.

మళ్ళీ మన వైపు వద్దాం. గుంటూరు ఈ విషయంలో ప్రత్యేకమైన ఊరు. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు, ఊరి నడిబొడ్డున ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ ఆ మిషన్ ఫలమే. మరోపక్క ఫిరంగిపురం బాలయేసు దేవాలయం చుట్టూ అంతకంటే పాత కతోలిక సమాజం, 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనం (డయోసిస్). రెండువైపులా వియ్యం అందుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి, మామ లూథరన్, కోడలు కతోలిక, పండక్కి ఎవరి గుడికి వెళ్ళాలన్నది ఏటా పెద్ద చర్చ. మరియమ్మ గురించి, పోప్ గురించి, పూజ గురించి తేడాలున్నాయి, అవి చిన్నవి కావు. కానీ లూథర్ 1529లో రాసిన చిన్న ఉపదేశ గ్రంథంలో పది ఆజ్ఞల తరవాత పెట్టింది ఈ సంగ్రహాన్నే, పన్నెండు ముక్కలు కాకుండా సృష్టి, విమోచన, పవిత్రీకరణ అని మూడు భాగాలుగా. కాబట్టి కతోలిక కోడలు లూథరన్ ఆరాధనలో కూర్చున్నప్పుడు పదాలు కొద్దిగా అటూ ఇటూ ఉన్నా తనకు తెలిసిన జపమే వింటుంది. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల వాళ్ళు మాత్రం సాధారణంగా దీన్ని చెప్పరు, బైబిల్ ఉండగా మనుషులు కూర్చిన ప్రమాణం దేనికి అంటారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. జవాబు కూడా ఉంది: అరియస్ కూడా బైబిల్ వచనాలతోనే వాదించాడు. గ్రంథాన్ని ఎలా చదవాలన్న దగ్గర తగాదా వచ్చినప్పుడు, ఆ గ్రంథం చెప్పే కథ మొత్తం ఏమిటో నాలుగు ముక్కల్లో పట్టుకుని ఉండటం అవసరమైంది.

ఇప్పుడు ఇది మన దగ్గర ఎలా నడుస్తోందంటే, నిజం చెప్పుకోవాలి, చాలా చోట్ల పరుగులా నడుస్తోంది. ప్రసంగం కాస్త పొడుగైన ఆదివారం అయితే మరీను, మొదటి వాక్యం మైకులో వినిపించేసరికి చివరి వాక్యం దగ్గరకు వచ్చేస్తారు. పెద్ద ప్రమాణంలో పవిత్రాత్మ వలన కన్య మరియమ్మ నుండి మానవుడాయెను అన్న చోట అందరూ తల వంచాలి, క్రిస్మస్‌నాడు, మార్చి 25 మంగళవార్త పండుగనాడు మోకరించాలి. ఎందరు గమనిస్తున్నారు? దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) మొదటిసారి తీసుకోబోయే పిల్లలు కంఠతా పడతారు, ఉపదేశి గారి ముందు ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతారు, టెన్షన్‌లో పిలాతును దాటేసి నేరుగా పరలోకానికి ఎక్కించేస్తారు. కంఠతా పట్టించడం వృథా అని ఈ మధ్య చదువుకున్న తల్లిదండ్రులు అంటున్నారు గాని అది సరి కాదు. సిరిల్, అగస్టీను పట్టించింది కంఠతానే. తేడా ఎక్కడంటే, వాళ్ళు అప్పగించిన తరవాత ఒక్కో వాక్యం మీద రోజుల తరబడి మాట్లాడారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం మొదటి భాగమంతా ఈ సంగ్రహం వరసలోనే ఉంది, 1566 నాటి పాత గ్రంథం కూడా అంతే. వారానికి ఒక్క వాక్యం తీసుకుని పది నిమిషాలు మాట్లాడినా మూడు నెలల్లో పూర్తవుతుంది, ఏ విచారణలోనైనా (పారిష్‌లోనైనా) వీలయ్యే పనే. తపస్సుకాలం, పాస్కా కాలం ఆదివారాల్లో పెద్ద ప్రమాణం బదులు ఈ చిన్న సంగ్రహాన్నే చెప్పుకోవచ్చని పూజ గ్రంథమే వీలిచ్చింది, కాబట్టి ఆ మాట్లాడటానికి సరైన సమయం కూడా అదే.

పెద్దవాళ్ళు జ్ఞానస్నానానికి తయారయ్యే పద్ధతిని రెండో వాటికన్ మహాసభ తరవాత 1972లో తిరిగి నిలబెట్టారు, అందులో సంగ్రహాన్ని అప్పగించే పాత ఆచారం కూడా వచ్చింది. పసిపిల్లల విషయంలో జవాబు చెప్పేది తల్లిదండ్రులు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. గుంటూరులో ఏ గుడిలోనైనా ఓ ఆదివారం పూజ తరవాత ఆగి చూస్తే తెలుస్తుంది: బిడ్డ ఏడుస్తుంటుంది, నాయనమ్మ ఊరుకోబెడుతుంటుంది, ఫొటోగ్రాఫరు పక్కకు జరగమంటుంటాడు, ఆ సందడిలో ఫాదర్ గారు పాపాన్నీ పిశాచాన్నీ విడనాడుతున్నారా అని అడిగి, తరవాత ఆ మూడు ప్రశ్నలూ వేస్తారు. హిప్పోలితు పేరు మీద ఉన్న గ్రంథంలోని ప్రశ్నలే అవి, దాదాపుగా. విశ్వసిస్తున్నాము అన్న జవాబు వచ్చాకే నీళ్ళు, మూడుసార్లు. జ్ఞానతల్లిగా, జ్ఞానతండ్రిగా ఎవర్ని పిలవాలో నిర్ణయించేటప్పుడు బంగారు గొలుసు పెట్టగలవాళ్ళెవరు అన్నదాని కంటే ఆ మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పగలవాళ్ళెవరు అని చూస్తే బిడ్డకు మేలు.

పాస్కా జాగరణ పూజలో విశ్వాస ప్రమాణం విడిగా చెప్పరు. కొత్తవాళ్ళకు జ్ఞానస్నానం ఇచ్చాక గుడిలో ఉన్నవాళ్ళందరూ వెలిగించిన కొవ్వొత్తులతో లేచి నిలబడతారు, గురువు అవే ప్రశ్నలు అందర్నీ అడుగుతాడు, అందరూ జవాబిస్తారు, తరవాత పవిత్రజలం చల్లుతారు. ప్రశ్నా జవాబూ అక్కడే అయిపోయాయి కాబట్టి, ఆ రాత్రి మళ్ళీ చెప్పాల్సిన పని లేదు.